తెలిసినది నలుగురిలో చెప్పడం

సాఫ్ట్‌వేరు సంఘాల చిన్న సభలకు కావలసింది మహా పండితులు కాదు. శ్రోతలకంటె ఒక్క అడుగు ముందు నడిచినవారు.

1975 మార్చి 5వ తేదీ, బుధవారం రాత్రి. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో మెన్లో పార్క్ అనే చిన్న పట్టణం. బయట వాన కురుస్తున్నది. గోర్డన్ ఫ్రెంచ్ అనే ఇంజనీరు ఇంటి కారు షెడ్డులో 32 మంది సమావేశమయ్యారు. వారిని అక్కడికి రప్పించినది ఒకే కుతూహలం: పెద్ద పెద్ద సంస్థలకు, విశ్వవిద్యాలయాలకు మాత్రమే అందుబాటులో ఉన్న కంప్యూటరును సామాన్యుడు తన ఇంట్లో తయారు చేసుకోగలడా?

ఆ ఏడాది జనవరిలో ‘పాప్యులర్ ఎలక్ట్రానిక్స్’ పత్రిక ముఖచిత్రంగా పరిచయం చేసిన ‘ఆల్టెయిర్ 8800’ వారి ముందు ఉన్నది. సుమారు 400 డాలర్లకు విడి భాగాలు కొని, ఇంట్లో బిగించుకోవలసిన యంత్రమది. దానికి కీబోర్డు లేదు, తెర లేదు. ముందు పలక మీద వరుసగా స్విచ్చులు, మినుకుమినుకుమనే చిన్న దీపాలు, అంతే. దానితో ఏమి చేయవచ్చునో చెప్పగల నిపుణుడంటూ ఎవరూ లేరు. అందుచేత ఎవరు ఎంతవరకు ప్రయత్నించారో, ఎక్కడ చిక్కుపడ్డారో వారే ఒకరికొకరు చెప్పుకున్నారు. ‘హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్బు’ అనే ప్రసిద్ధ సంఘం పుట్టింది ఆ రాత్రే.

ఆ షెడ్డులో ఒక మూల స్టీవ్ వాజ్నియాక్ అనే 24 ఏళ్ళ యువకుడు కూర్చుని ఉన్నారు. హ్యూలెట్ పకార్డ్ సంస్థలో కాలిక్యులేటర్ల రూపకల్పన ఆయన ఉద్యోగం. స్వతహాగా మిక్కిలి బిడియస్థుడు. ఆ రాత్రి సభలో తాను ఇమడలేననిపించిందని ఆయన తరువాతి కాలంలో చెప్పుకున్నారు. అయినా సభలో పంచిన ఒక మైక్రోప్రాసెసరు వివరాల కాగితాన్ని ఇంటికి తీసుకుపోయి చదివారు. తాను ఎన్నడో కాగితం మీద గీసుకున్న యంత్రాలకు, ఈ చిన్న పరికరానికి పెద్ద తేడా లేదని ఆయనకు స్ఫురించింది. తరువాతి నెలల్లో ఆయన రూపొందించిన యంత్రమే 1976లో ‘ఆపిల్ 1’ పేరుతో అమ్మకానికి వచ్చింది.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. క్లబ్బు సమావేశాలలో చేయి ఎత్తి మాట్లాడడానికి సైతం వాజ్నియాక్ జంకేవారు. కాని తన యంత్రాన్ని తెచ్చి బల్ల మీద పెట్టి, చుట్టూ చేరినవారికి దాన్ని చూపించేవారు. తాను గీసిన నమూనా చిత్రాల ప్రతులను కోరినవారికి ఉచితంగా ఇచ్చేవారు. వేదిక మీదికి ఎక్కలేని మనిషికి చెప్పవలసింది లేకపోలేదు. చెప్పడానికి అనువైన చోటు మాత్రమే ఆయనకు కావలసి వచ్చింది.

పంచుకోవడమే పేరుగా

ఇట్టి సంఘాల ఆలోచన అంతకు 20 ఏళ్ళ ముందే ఉన్నది. 1955లో లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో ఐ.బి.ఎం. 704 కంప్యూటరును వినియోగించబోతున్న సంస్థల ప్రోగ్రామర్లు ‘షేర్’ అనే సంఘాన్ని స్థాపించుకున్నారు. ఆ మాటకు అర్థమే పంచుకోవడం. వారిలో పలువురు పరస్పరం పోటీ పడే విమాన నిర్మాణ సంస్థల ఉద్యోగులు. అయినప్పటికీ ఒకే పనికి ఒకే విధమైన ప్రోగ్రామును ప్రతి సంస్థా వేరువేరుగా రాసుకోవడం వృథా ప్రయాస అని గ్రహించి, అనుభవాలను, ప్రోగ్రాములను కలబోసుకున్నారు.

హోమ్‌బ్రూ క్లబ్బు అదే పద్ధతిని ఔత్సాహికుల వద్దకు తెచ్చింది. సభ్యుల సంఖ్య పెరిగిన కొద్దీ సమావేశాలు షెడ్డు నుండి పాఠశాలకు, అక్కడి నుండి స్టాన్‌ఫర్డ్ పరిశోధనా కేంద్రపు సభామందిరానికి మారాయి. లీ ఫెల్సెన్‌స్టీన్ సభను రెండు భాగాలుగా నడిపేవారు. మొదటి భాగంలో ఎవరి వద్ద ఏమున్నదో, ఎవరికి ఏమి కావాలో క్లుప్తంగా లేచి చెప్పుకునేవారు. రెండవ భాగంలో ఆ వివరాలను బట్టి తమకు కావలసిన వ్యక్తిని వెదుక్కుని మాట్లాడుకునేవారు. నేటి సాఫ్ట్‌వేరు సభల్లో ప్రసంగాల అనంతరం తేనీటి బల్ల వద్ద జరిగే ముచ్చట్లది కూడా ఇదే వరస.

ఆ క్లబ్బు సభ్యులు మరువని ప్రదర్శన 1975 ఏప్రిల్‌లో జరిగింది. స్టీవ్ డాంపియర్ అనే సభ్యుడు తన ఆల్టెయిర్ యంత్రం పక్కన చిన్న రేడియో పెట్టి, స్విచ్చులను ఒక్కొక్కటిగా మీటుతూ ప్రోగ్రామును ఎక్కించారు. ఎవరి కాలో తీగకు తగిలి విద్యుత్తు తెగిపోయింది. ఎక్కించినదంతా చెరిగిపోయింది. ఆయన విసుగు చెందక మొదటి నుండి మళ్ళీ స్విచ్చులు మీటారు. యంత్రంలోని విద్యుత్ తరంగాలు రేడియోలో గరగర ధ్వనిగా వినిపించే స్థితిని ఆయన సంగీతంగా మలిచారు. రేడియోలో బీటిల్స్ బృందం పాట వినవచ్చింది. శ్రోతలు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆల్టెయిర్ ఎందుకు పనికివస్తుందన్న సందేహానికి అది తొలి సమాధానం.

పంచుకోవడానికి హద్దు ఎక్కడ అన్న ప్రశ్న కూడా ఆ క్లబ్బులోనే తలెత్తింది. తమ బేసిక్ ప్రోగ్రామును సభ్యులు కొనకుండా నకలు తీసుకుని వాడుకుంటున్నారని 1976 ఫిబ్రవరిలో బిల్ గేట్స్ ఔత్సాహికులకు బహిరంగ లేఖ రాశారు. ఆల్టెయిర్ సొంతదారులలో దానిని కొన్నవారు 10 శాతానికి లోపే అని ఆయన వాదించారు. ఆ వివాదం అనేక రూపాల్లో నేటికీ సాగుతున్నది. సభలో మాట్లాడేవారికి దానిలో ఒక పాఠం ఉన్నది. పనిచేసే సంస్థ రహస్యాలను, ఇతరుల సొత్తును వేదిక మీద పరచకూడదు. కాని ఒక సమస్యతో పెనుగులాడి తాను నేర్చుకున్నది నిస్సందేహంగా తన సొంతం. దానిని ఎంత పంచినా తరగదు.

మన నగరాలలో

మన దేశంలో ఇటువంటి సంఘాలు 1990 దశకం చివరి సంవత్సరాలలో బలపడ్డాయి. ఆనాడు ఇంటర్నెట్ వేగం అతి స్వల్పం. ఒక పెద్ద ప్రోగ్రామును దింపుకోవడానికి రోజులు పట్టేది. ‘పి.సి.క్వెస్ట్’ పత్రికతో వచ్చిన లినక్స్ సి.డి. చేతులు మారుతూ ఊరంతా తిరిగేది. దానిని కంప్యూటరులో ఎక్కించడం తెలిసినవాడు తెలియనివాడికి నేర్పేవాడు. లినక్స్ వినియోగదారుల సంఘాలకు ఇదే పునాది. చెన్నై సంఘం ఏళ్ళ తరబడి నెలనెలా రెండవ శనివారం నాడు సమావేశమై ఈ సంప్రదాయాన్ని నిలబెట్టింది. బెంగుళూరులో 2001లో లినక్స్ సభగా మొదలైన ఉత్సవం 2005లో ‘ఫాస్ డాట్ ఇన్’ అనే పేరు దాల్చి 2012 వరకు సాగింది. పైథాన్ భాషాభిమానుల తొలి జాతీయ సభ ‘పైకాన్ ఇండియా’ 2009 సెప్టెంబరులో బెంగుళూరు నగరంలో జరిగింది. 2018లో దానికి హైదరాబాదు ఆతిథ్యమిచ్చింది. ‘స్వేచ్ఛ’ సంస్థ తెలుగు నేల మీద కంప్యూటరుకు తెలుగు నేర్పే కృషి చేస్తూ, ఇంజనీరింగ్ కళాశాలలలో విద్యార్థి బృందాలను కూడగట్టింది.

ఈ సభలకు టిక్కెట్టు సాధారణంగా ఉండదు. వక్తకు పారితోషికమూ ఉండదు. ఏదో ఒక కార్యాలయం సెలవు దినాన తన గదిని ఇస్తుంది. ముప్పయి నలభై కుర్చీలు, ఒక ప్రొజెక్టరు, విరామ సమయంలో టీ, బిస్కట్లు. నిర్వాహకులు ఉద్యోగాలు చేసుకుంటూ తీరిక వేళల్లో పనిచేసే స్వచ్ఛంద సేవకులు. వారికి గది దొరకడం కంటె, టీ ఏర్పాటు కంటె కష్టమైన పని వేరే ఉన్నది. వచ్చే నెల ఎవరు మాట్లాడతారన్నదే వారిని నిరంతరం వేధించే ప్రశ్న.

వినడానికి అందరూ వస్తారు. మాట్లాడడానికి ఇద్దరు ముగ్గురే లేస్తారు. ఆ ఇద్దరు ముగ్గురికి ఊరు మారినా, సంసార బాధ్యతలు పెరిగినా సంఘం వాడిపోతుంది. సంఘాలు సాధారణంగా కలహాల వల్ల కాక, వక్తలు కరవై, మౌనంగా అంతరిస్తాయి.

మూడు జంకులు

లేచి మాట్లాడడానికి అడ్డు నిలిచేవి ముఖ్యంగా మూడు. మొదటిది, నాకు తెలిసినది చాలదన్న శంక. రెండవది, ఇంగ్లీషులో తడబడతానేమోనన్న భీతి. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవారిని ఇది ఎక్కువగా బాధిస్తుంది. మూడవది, ఎవరైనా జవాబు చెప్పలేని ప్రశ్న వేస్తే పరువు పోతుందన్న దిగులు.

మొదటి శంకకు ఆధారం బలహీనం. ఒక విద్యలో ఆరితేరినవారు తాము తొలినాళ్ళలో పడిన తిప్పలను మరచిపోతారు. వారికి కొట్టినపిండి అయిన మెట్టు వద్దనే కొత్తవాడు జారిపడతాడు. నిన్ననే ఆ మెట్టు ఎక్కినవాడికి ఎక్కడ కాలు జారుతుందో గుర్తుంటుంది. మొన్న మొన్న ఈత నేర్చుకున్నవాడు గట్టున నిలబడి వణికేవాడికి చెప్పగల మాటలు వేరు. చిన్న సభకు ఇతడే సరైన వక్త.

రెండవదానికి మందు శ్రోతల చేతిలోనే ఉన్నది. సాంకేతిక పదాలు ఎలాగూ ఇంగ్లీషులో ఉంటాయి. వాటి మధ్య వాక్యం తెలుగులో నడిస్తే హైదరాబాదులోనో, విజయవాడలోనో, విశాఖపట్నంలోనో కూర్చున్న శ్రోతకు కలిగే లోటు ఏమీ లేదు. పైగా కొన్ని విషయాలను తెలుగువాడే చక్కగా చెప్పగలడు.

ఒక ఉదాహరణ. 2018 ఫిబ్రవరిలో ఆపిల్ సంస్థ ఐఫోన్లను ఒక తెలుగు అక్షర సముదాయం స్తంభింపజేసిందని ప్రపంచమంతటా వార్తలు వచ్చాయి. ‘జ్ఞా’ అనే అక్షరంలోని భాగాల మధ్య కంటికి కనిపించని ఒక సంకేతం చేరి సందేశంగా వస్తే, దానిని తెర మీద చూపబోయి ఫోనులోని ప్రోగ్రాములు కుప్పకూలాయి. కొద్ది రోజులలోనే సంస్థ దానిని సరిచేసింది. ఈ సంగతి విన్న కోట్లాది జనంలో ‘జ్ఞా’ ఎలా ఏర్పడుతుందో పలక మీద దిద్ది నేర్చుకున్నవారు తెలుగువారే.

‘స్త్రీ’ అనే మాట తీసుకుంటే మన కంటికి అది ఒకే అక్షరం. ప్రపంచ భాషలన్నిటి అక్షరాలకు సంఖ్యలు కేటాయించే యూనికోడ్ పద్ధతిలో అది ఆరు సంకేతాల వరుస: స, పొల్లు, త, పొల్లు, ర, చివర ఈకార గుర్తు. సర్వసాధారణమైన యు.టి.ఎఫ్. 8 పద్ధతిలో దాచితే ఒక్కొక్క సంకేతానికి మూడు బైట్ల చొప్పున 18 బైట్లు. పైథాన్ భాషలో దీని పొడవెంత అని అడిగితే యంత్రం ఆరు అంటుంది. పేరు రాసే గడిలో ‘పది అక్షరాలకు మించరాదు’ అని నియమం పెట్టిన ప్రోగ్రామరు ఏ తెలుగు పేరును మధ్యలో తెగ్గొడతాడో దీనిని బట్టి ఊహించవచ్చు. ఇరవై నిమిషాల ప్రసంగానికి ఇంతకంటె మంచి విషయం అరుదు. దీనికి డాక్టరేటు పట్టా అవసరం లేదు. ఒక సాయంత్రం కూర్చుని పరీక్షించి చూచే ఓపిక చాలు.

ప్రసంగం తయారయ్యే తీరు

మంచి ప్రసంగానికి విషయం ఒక్కటే ఉండాలి. శ్రోత ఇంటికి వెళ్ళి, సభలో ఏమి చెప్పారని అడిగినవారికి ఒక్క వాక్యంలో చెప్పగలగాలి. పై ఉదాహరణలో ఆ వాక్యం సిద్ధంగానే ఉన్నది: కంటికి ఒక్క అక్షరమైనది యంత్రానికి ఆరు సంకేతాలు. దీనికి సంబంధం లేని ప్రతి తెరపలకనూ, అది ఎంత అందంగా ఉన్నా, తీసివేయడమే ఉత్తమం.

వక్త తన బయోడేటాతో మొదలుపెట్టనక్కరలేదు. సమస్యతో మొదలుపెట్టడం మేలు. పేరు తెగిపోయిన దరఖాస్తును తెర మీద చూపితే శ్రోతలందరూ ఒక్కసారిగా ముందుకు వంగుతారు. ఆ తరువాత తాను మొదట ఏమనుకున్నదీ, అది ఎందుకు తప్పయినదీ, చివరకు ఏమి పనిచేసినదీ వరుసగా చెప్పుకుపోవచ్చు. దారి తప్పిన వైనాన్ని దాచి ఫలితాన్ని మాత్రమే చెప్పే ప్రసంగం నిఘంటువు చదివినట్లు ఉంటుంది.

తెర మీద చూపే ప్రోగ్రాము పంక్తులు చివరి వరుసలో కూర్చున్నవారికి కనబడాలి. పది పన్నెండు పంక్తులకు మించితే ఎవరూ చదవరు. సభలో ప్రత్యక్షంగా నడిపి చూపే ప్రదర్శనకు ఆకర్షణ ఎక్కువ, ప్రమాదమూ ఎక్కువే. ఇంట్లో నిక్షేపంగా నడిచిన ప్రోగ్రాము సభలో ఇంటర్నెట్ అందక మొరాయించడం సర్వసామాన్యం. కనుక ఇంటర్నెట్ అవసరం లేకుండా నడిచే ఏర్పాటు చేసుకోవాలి. అది కూడా విఫలమైతే చూపడానికి తెర చిత్రాలను ముందే తీసి పెట్టుకోవాలి. గడియారం ఎదుట పెట్టుకుని కనీసం రెండు మార్లు బిగ్గరగా చెప్పుకుంటే నాలుకకు అలవాటు పడని వాక్యాలు బయటపడతాయి.

ఇరవై నిమిషాలకు సాహసించలేనివారికి ఐదు నిమిషాల ‘మెరుపు ప్రసంగం’ ఉన్నది. 2000 సంవత్సరంలో పిట్స్‌బర్గ్‌లో జరిగిన పెర్ల్ భాషాభిమానుల సభలో మార్క్ జేసన్ డొమినస్ ఈ పేరును ప్రచారంలోకి తెచ్చారు. ఐదు నిమిషాలు కాగానే గంట మోగుతుంది, వక్త దిగిపోవలసిందే. ప్రసంగం బాగుంటే శ్రోతలకు ఇంకా వినాలనిపిస్తుంది. బాగుండకపోతే అంతలోనే అయిపోతుంది. కొత్తవారికి ఇంతకంటె క్షేమకరమైన వేదిక లేదు.

అప్రస్తుత ప్రసంగి

మూడవ జంకు ప్రశ్నలది. తెలుగువారికి ఈ విషయంలో ఒక చక్కని పూర్వానుభవం ఉన్నది. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు అవధానిని చుట్టుముడతారు. వారిలో అప్రస్తుత ప్రసంగి పని సంబంధం లేని మాటలతో ఆయన ఏకాగ్రతను చెడగొట్టడం. అవధాని కోపగించుకోడు. చమత్కారంగా ఒక మాట అని తన పద్యానికి తిరిగి వస్తాడు.

ప్రతి సాఫ్ట్‌వేరు సంఘంలోనూ ఒక అప్రస్తుత ప్రసంగి ఉంటాడు. ఆయన ప్రశ్న పేరుతో తన అనుభవాలను ఐదు నిమిషాలు చెబుతాడు. ‘ఈ విషయం మనం టీ వేళ తీరికగా మాట్లాడుకుందాం’ అని చిరునవ్వుతో అనడం చాలు. నిజమైన ప్రశ్నకు జవాబు తెలియకపోతే ‘నాకు తెలియదు, మీలో ఎవరికైనా తెలుసా?’ అని సభను అడగడంలో చిన్నతనం లేదు. అవధానికి ఆ వెసులుబాటు లేదు, ఈ వక్తకు ఉన్నది. ఆ ప్రశ్నకు వెనుక వరుసలో ఒకరు జవాబు చెబితే వచ్చే నెల వక్త ఎవరో నిర్వాహకులకు తెలిసిపోతుంది.

అడిగితేనే వస్తారు

సంఘాల భవిష్యత్తుకు అత్యంత ముఖ్యమైన పాఠాన్ని అమెరికాలోని పైకాన్ సభ నేర్పింది. 2011లో ఆ సభ వక్తలలో స్త్రీలు 1 శాతం మాత్రమే. ఆ ఏడాదే స్త్రీ ప్రోగ్రామర్లకు తోడ్పడే ‘పైలేడీస్’ అనే బృందం లాస్ ఏంజెలెస్‌లో ఆరంభమైంది. సభా నిర్వాహకులు ప్రకటన ఇచ్చి ఊరుకోక, చెప్పగల సమర్థత ఉన్న స్త్రీలను స్వయంగా కలిసి, ఉత్తరాలు రాసి, ప్రతిపాదన పంపమని కోరారు. 2016 నాటికి వక్తలలో స్త్రీల వాటా 40 శాతానికి చేరింది. ఐదేళ్ళలో స్త్రీలకు కొత్తగా తెలివి రాలేదు. అడిగేవారు వచ్చారు, అంతే.

ఇది స్త్రీలకే పరిమితమైన సత్యం కాదు. చిన్న ఊరి నుండి వచ్చిన కుర్రవాడికి, ఇంగ్లీషు అంతగా రాని ఉద్యోగికి, ఎప్పుడూ చివరి వరుసలోనే కూర్చునే మితభాషికి కూడా ఇది వర్తిస్తుంది. ‘ఎవరైనా మాట్లాడతారా?’ అని సభను అడిగితే మౌనం ఎదురవుతుంది. ‘పోయిన వారం మీరు ఆ చిక్కును ఎలా విడదీశారో పది నిమిషాలు మాకు చెబుతారా?’ అని ఒక మనిషిని పేరు పెట్టి అడిగితే జవాబు వేరుగా ఉంటుంది.

చెప్పినవాడికే తొలి లాభం

1999లో వెలువడిన ‘ది ప్రాగ్మాటిక్ ప్రోగ్రామర్’ అనే పుస్తకంలో ఒక వింత చిట్కా ఉన్నది. ప్రోగ్రాములో తప్పు దొరకకపోతే బల్ల మీద ఒక రబ్బరు బాతుబొమ్మను పెట్టుకుని, దానికి ప్రతి పంక్తినీ వివరించాలట. వివరిస్తుండగానే తప్పు బయటపడుతుంది. మాట లేని బాతుకు చెబితేనే ఇంత ఫలితం ఉంటే, ప్రశ్నించే నలభై మంది మనుషులకు చెప్పడం వల్ల కలిగే స్పష్టత ఎంతో ఊహించవచ్చు. విద్య పంచిన కొద్దీ పెరుగుతుందని మన పెద్దలన్న మాటలో నిగూఢమైనది ఏమీ లేదు. చెప్పబోయేటప్పుడే మనకు ఎంత తెలియదో తెలుస్తుంది, తెలియనిది నేర్చుకోక తప్పదు.

2020లో కరోనా వ్యాధి కారణంగా సభలన్నీ కంప్యూటరు తెరల మీదికి మారాయి. పైకాన్ ఇండియా సైతం ఆ ఏడాది అలాగే జరిగింది. దూరాన ఉన్నవారికి కొత్తగా ప్రవేశం దొరికింది. కాని తేనీటి బల్ల వద్ద ముచ్చట్లు లేవు. శ్రోతల ముఖాలు చూచి మాట మార్చుకునే వీలు లేదు. నేడు ఏ విషయం మీదనైనా వేలాది దృశ్య పాఠాలు ఇంటి నుండి చూడవచ్చు. అవి ఎంత మంచివైనా శ్రోతను వక్తగా మార్చలేవు. ఆ పని ముప్పయి కుర్చీల గది మాత్రమే చేయగలదు.

హోమ్‌బ్రూ క్లబ్బు తన పని ముగించుకుని 1986 డిసెంబరులో మూతబడింది. దాని సభ్యులు స్థాపించిన సంస్థలు అనేకం. వారి వల్ల కంప్యూటరు ఇంటింటికీ చేరింది. ఏ సంఘమూ శాశ్వతం కాదు. దానిలో పలికిన మాట వేరొకరి చేతిలో పనిగా మారడమే దాని ఆయుష్షు. వచ్చే శనివారం ఏదో ఒక నగరంలో ఒక నిర్వాహకుడు వక్తల జాబితాలోని ఖాళీ గడిని చూస్తూ ఉంటాడు. ఆ గడిలో చేరవలసిన పేరు చివరి వరుసలో కూర్చున్నవారిలో ఒకరిది. అడగడం నిర్వాహకుని వంతు. సరే అనడం వారి వంతు.